సందు దాటే సందేశం

నాడీకణం పక్కనున్న నాడీకణాన్ని తాకదు. ఎంత దగ్గరగా వచ్చినా రెండింటి మధ్య సన్నని సందు ఒకటి మిగిలిపోతుంది. మెదడులో ఆ సందు వెడల్పు సుమారు 20 నానోమీటర్లు. తలవెంట్రుక మందంలో అలాంటి సందులు కొన్ని వేలు ఇముడుతాయి. కణం పొడవునా విద్యుత్తుగా పరుగెత్తుకొచ్చిన సంకేతం ఈ సందు గట్టున ఆగిపోతుంది. అక్కడినుంచి అవతలికి కబురు మోసేది రసాయనం. నాడి కొసన చిన్నచిన్న తిత్తుల్లో నిలవ ఉన్న ఆ రసాయనం సందులోకి ఒలుకుతుంది. అవతలి కణం పైపొర మీద దానికోసమే ఉన్న గ్రాహకాలకు అతుక్కుంటుంది. దాంతో అవతలి కణంలో మళ్ళీ విద్యుత్తు కదులుతుంది. ఈ రసాయనాలనే నాడీ ప్రసారకాలంటారు. ఆ కూడలి పేరు సినాప్స్. ఆ పేరు ఇంగ్లండులో చార్లెస్ షెరింగ్టన్ 1897లో వాడుకలోకి తెచ్చాడు.

సందు అంటూ ఒకటుందని ఒప్పుకోవడానికే చాలా కాలం పట్టింది. ఇటలీకి చెందిన కమిల్లో గోల్జీ నాడీకణాలకు నల్లరంగు పట్టించే పద్ధతి కనిపెట్టాడు. స్పెయిన్ శాస్త్రవేత్త సాంటియాగో రమోన్ ఇ కహాల్ అదే పద్ధతితో మెదడు ముక్కలకు రంగు పట్టించి, మైక్రోస్కోపులో కనిపించింది కనిపించినట్టు చేత్తో బొమ్మలు గీశాడు. ఇద్దరూ చూసింది ఒకటే, చెప్పింది వేరు. నాడులన్నీ చేపల వలలా ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని గోల్జీ వాదన. ఏ కణానికి ఆ కణం విడిదేనని కహాల్ వాదన. 1906లో నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఆ వేదిక మీద కూడా గోల్జీ తన వలను వదల్లేదు. కహాల్ మాటే నిజమని కళ్ళారా చూడటానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు రావలసి వచ్చింది. 1950లలో తీసిన ఫొటోల్లో సందు స్పష్టంగా కనిపించింది. ఇవతలి గట్టున గుండ్రటి తిత్తులు గుంపుగా పేరుకుని ఉండటమూ కనిపించింది.

సందును దాటేదేమిటన్నది ఇంకో తగవు. నిప్పురవ్వ ఎగిరినట్టు విద్యుత్తే దూకుతుందని ఒక వర్గం, రసాయనం ఒలుకుతుందని ఇంకో వర్గం. ఇంగ్లీషువాళ్ళు ఈ తగవుకు నిప్పురవ్వలూ సూపూ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. దీన్ని తేల్చడానికి దారి చూపిన ప్రయోగానికి రెండు కప్ప గుండెలు, కాస్త ఉప్పునీరు సరిపోయాయి.

1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఆటో లోవీ ఈ ప్రయోగం చేశాడు. కప్ప గుండెను శరీరంలోంచి తీసి, రక్తానికి బదులు తగిన లవణాలు కలిపిన నీటిలో ఉంచితే అది చాలాసేపు తనంతట తాను కొట్టుకుంటూనే ఉంటుంది. లోవీ రెండు గుండెలు తీశాడు. మొదటిదానికి వేగస్ అనే నాడిని తెగకుండా ఉంచాడు, రెండోదానికి నాడి లేకుండా చేశాడు. వేగస్ నాడికి సన్నగా కరెంటు తగిలిస్తే గుండె నెమ్మదిస్తుందని అప్పటికే తెలుసు. మొదటి గుండె అలాగే నెమ్మదించింది. అప్పుడు దానిలోని ద్రవాన్ని తీసి రెండో గుండెలో పోశాడు. ఏ నాడీ లేని ఆ రెండో గుండె కూడా, తన నాడినే ఎవరో కదిపినట్టు నెమ్మదించింది. గుండె వేగం పెంచే నాడితో చేస్తే ఫలితం తిరగబడింది. ఆ ద్రవంతో రెండో గుండె వేగంగా కొట్టుకుంది. విద్యుత్తును గిన్నెలోకి వంచుకుని పట్టుకెళ్ళడం కుదరదు కాబట్టి, నాడి విడిచిన పదార్థమేదో ఆ నీళ్ళలో ఉండి తీరాలి.

ఈ ప్రయోగం లోవీకి కలలో తట్టిందంటారు. ఈస్టరు ముందు రాత్రి మెలకువ వచ్చి కాగితం మీద గీకి పడుకున్నాడట. తెల్లారి చూసుకుంటే తన రాత తనకే అర్థం కాలేదట. మర్నాటి రాత్రి మూడింటికి మళ్ళీ అదే తడితే ఈసారి నేరుగా ప్రయోగశాలకే వెళ్ళాడట. ఈ కథ చాలా ఏళ్ళ తర్వాత ఆయనే చెప్పుకున్నది, చెప్పిన తేదీల్లో పొంతన లేదు. కలకంటే ఎక్కువ పట్టించుకోవలసింది ఆయన అదృష్టం. మామూలుగా ఆ రసాయనం సందులోనే ఒలికి, సందులోనే నశిస్తుంది. చుట్టూ ఉన్న ద్రవంలోకి పొంగి, పక్క గిన్నెలో పని చేసేంత మిగలడం అరుదు.

గుండెను నెమ్మదింపజేసిన ఆ పదార్థం ఎసిటైల్‌కోలిన్. ఇంగ్లండులో హెన్రీ డేల్ 1914 నాటికే దాని గుణాలు వర్ణించాడు. అప్పటికది రై అనే ధాన్యపు కంకులకు పట్టే బూజులో దొరికిన ఒక వింత పదార్థం మాత్రమే. మనిషి కదలికలన్నిటికీ అదే మూలమని తేలడానికి జలగ సాయపడింది. జలగ వీపు కండరానికి ఎసెరిన్ అనే మందు పట్టిస్తే ఎసిటైల్‌కోలిన్ అతి స్వల్పంగా తగిలినా ముడుచుకుంటుంది. 1933లో హిట్లర్ జర్మనీని విడిచి లండన్ చేరిన విల్‌హెల్మ్ ఫెల్డ్‌బర్గ్ ఈ పద్ధతిని వెంట తెచ్చాడు. మూడేళ్ళలో డేల్ బృందం కండరానికి వెళ్ళే నాడి కొసల నుంచి కూడా ఎసిటైల్‌కోలినే వస్తుందని చూపింది. 1936 నోబెల్ బహుమతి డేల్, లోవీ పంచుకున్నారు. రెండేళ్ళకు నాజీలు లోవీని జైల్లో పెట్టి, ఆ బహుమతి సొమ్ము తాము చెప్పిన బ్యాంకుకు బదిలీ చేయించుకున్నాకే దేశం దాటనిచ్చారు.

రసాయనం దాటే తీరు చూడటానికి మెదడు కంటే నాడికీ కండరానికీ మధ్య ఉండే కూడలే అనువైన చోటు. కణాలు పెద్దవి, రసాయనం ఒక్కటే, ఫలితం కంటికి కనిపిస్తుంది. నాడీకణం లోపలి వైపు బయటి కంటే సుమారు 70 మిల్లీవోల్టుల రుణావేశంతో ఉంటుంది. సంకేతం వచ్చినప్పుడు ఈ తేడా క్షణకాలం తిరగబడుతుంది. ఆ తిరుగుబాటు నాడి కొసకు చేరగానే అక్కడి కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. కణం బయట కాల్షియం లోపలి కంటే పదివేల రెట్లు ఎక్కువ కాబట్టి తూము ఎత్తిన చెరువు నీళ్ళలా లోపలికి దూసుకొస్తుంది. తిత్తులు అప్పటికే గట్టుకు లంగరు వేసి సిద్ధంగా ఉంటాయి. తిత్తి మీద కొన్ని, పైపొర మీద కొన్ని ప్రోటీన్లు పురిపేనిన తాడులా పెనవేసుకుని ఉంటాయి. కాల్షియం తగలగానే ఆ పురి బిగుస్తుంది, తిత్తి పైపొరలో కలిసిపోయి నోరు తెరుస్తుంది. ఒక్కో తిత్తిలో కొన్నివేల ఎసిటైల్‌కోలిన్ అణువులు ఉంటాయి. అవి సందు దాటి కండరం మీది గ్రాహకాలను చేరతాయి. ఒక గ్రాహకం తెరుచుకోవాలంటే రెండు అణువులు వచ్చి కూర్చోవాలి. తెరుచుకున్న గ్రాహకం ఒక మిల్లీసెకను సేపట్లో వేల సోడియం అయాన్లను లోపలికి వదులుతుంది. కండరం ముడుచుకుంటుంది. సంకేతం గట్టుకు చేరిన దగ్గర్నుంచి అవతల విద్యుత్తు కదిలేదాకా పట్టేది దాదాపు అర మిల్లీసెకను.

రసాయనం తిత్తుల లెక్కన వస్తుందని ఎవరూ చూడకముందే విద్యుత్తును కొలిచి కనిపెట్టారు. 1950 ప్రాంతంలో లండన్‌లో బెర్నార్డ్ కాట్జ్, పాల్ ఫాట్ కప్ప కండరంలోకి సూదిమొన కంటే సన్నని గాజు గొట్టం దింపి కూర్చున్నారు. నాడిని కదపలేదు. కండరం ఊరికే ఉంది. అయినా పరికరంలో చిన్నచిన్న కుదుపులు కనిపించాయి, ఒక్కోటి సుమారు అర మిల్లీవోల్టు. ఎవరూ పిలవకుండానే సెకనుకొకటి చొప్పున వచ్చిపోతున్నాయి. పరికరం లోపమని వదిలెయ్యదగ్గ సంగతే. వాళ్ళు వదల్లేదు. తర్వాత ఒలికే రసాయనం బాగా తగ్గేలా చేసి నాడిని కదిపి, వచ్చే విద్యుత్తును కొలిస్తే అది ఆ చిన్న కుదుపుకు ఒక రెట్టో, రెండు రెట్లో, మూడు రెట్లో ఉంది. ఒకటిన్నర లేదు. పాలబూత్‌లో ఒక ప్యాకెట్ ఇస్తారు, రెండు ఇస్తారు, కత్తిరించి అర ప్యాకెట్ ఇవ్వరు. నాడిదీ అదే బేరం. ఒక కుదుపంటే ఒక తిత్తి. కప్ప కండరం కదలాలంటే ఒక్క సంకేతానికి అలాంటివి వంద, రెండు వందలు ఒకేసారి విప్పుకోవాలి. కాట్జ్‌కు 1970లో నోబెల్ వచ్చింది. తిత్తుల తాడు పురి వివరాలు తేల్చినవారికి 2013లో ఇచ్చారు.

కబురు అందించడం సగం పనే. అందిన కబురును అప్పటికప్పుడు చెరిపెయ్యడం మిగతా సగం. పాఠ్యపుస్తకాలు ఈ రెండో సగానికి ఒక వాక్యం కేటాయించి ముందుకు పోతాయి గానీ, ఆస్పత్రుల్లో ప్రాణాలు ఊగిసలాడేది ఎక్కువగా దీని దగ్గరే. ఎసిటైల్‌కోలిన్ సందులోనే ఉండిపోతే గ్రాహకం మూతపడదు, ముడుచుకున్న కండరం సడలదు, రెండో కబురుకు అర్థమే ఉండదు. అందుకని సందులోనే ఒక ఎంజైమ్ కాపు కాస్తుంది. దాని పేరు ఎసిటైల్‌కోలినెస్టరేజ్. ఒక్కో ఎంజైమ్ అణువు సెకనుకు వేల ఎసిటైల్‌కోలిన్ అణువులను విరగ్గొడుతుంది. విరిగిన ముక్కల్లో కోలిన్‌ను నాడి మళ్ళీ లోపలికి లాక్కుని కొత్త సరుకు తయారు చేసుకుంటుంది.

పత్తి చేలో వీపుకు పంపు తగిలించుకుని, గాలికి ఎదురు నడుస్తూ మందు కొట్టే మనిషిలో ఈ ఎంజైమే దెబ్బతింటుంది. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు పురుగును చంపేదీ, మనిషిని చంపేదీ ఒకే దారిన. ఎంజైమ్‌కు అతుక్కుని దాని పని మాన్పిస్తాయి. చెరిపేవాడు లేక సందుల్లో ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. నోట చొంగ కారుతుంది, ఒళ్ళంతా చెమట పోస్తుంది, కడుపు మెలిపెడుతుంది, ఊపిరితిత్తుల్లో చెమ్మ చేరుతుంది, కండరాలు చర్మం కింద పురుగులు పాకినట్టు అదిరి ఆపైన చచ్చుబడతాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది. ఉమ్మెత్త గింజలు తిన్నవాడిలో సరిగ్గా దీనికి తలకిందులు కనిపిస్తుంది. నోరు పిడచకట్టుకుపోతుంది, ఒళ్ళు పొడిబారి కాలుతుంది, కంటిపాప విచ్చుకుని కన్నంతా నల్లగా అవుతుంది. ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్ ఒక రకం ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాల మీద తాను కూర్చుని, అసలు కబురును అందనివ్వదు. ఒకటి కబురును చెరగనివ్వని విషం, ఇంకోటి కబురును చేరనివ్వని విషం. అందుకే పురుగుమందు కేసుల్లో డాక్టర్లు ఊపిరితిత్తుల్లో చెమ్మ ఆరేదాకా అట్రోపిన్ సూదులు ఒకదాని మీద ఒకటి ఇస్తారు. కండరాల మీద ఉండే గ్రాహకాలు వేరే రకం కనుక చచ్చుబడిన కండరానికి అట్రోపిన్ పనికిరాదు. దానికి ఎంజైమ్‌ను విడిపించే ప్రాలిడాక్సిమ్ అనే మందుంది, ఆలస్యమైతే అదీ పట్టదు.

పాములకు ఈ కూడలి తెలిసినంతగా శాస్త్రవేత్తలకు చాలాకాలం తెలియలేదు. నాగుపాము విషంలోని ఒక భాగం కండరం మీది గ్రాహకాన్ని మూసేస్తుంది. కట్లపాము విషం ప్రధానంగా ఇంకో గట్టుకు పోయి, నాడి కొసనే పాడుచేసి తిత్తులు లేకుండా చేస్తుంది. రెండిటిలోనూ మొదట కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత మింగలేరు, చివరకు ఊపిరి కండరాలు ఆగిపోతాయి. తేడా వైద్యంలో తెలుస్తుంది. నాగుపాము కాటుకు విష విరుగుడు సీరంతో పాటు నియోస్టిగ్మిన్ అనే మందు ఇస్తే, ఎంజైమ్ నెమ్మదించి ఎసిటైల్‌కోలిన్ పెరుగుతుంది, మిగిలిన గ్రాహకాల కోసం విషంతో పోటీ పడుతుంది, రెప్పలు లేస్తాయి. కట్లపాము కాటులో పోటీకి దించడానికి నాడి దగ్గర సరుకే ఉండదు. తైవాన్ కట్లపాము విషంలో గ్రాహకాన్ని వదలకుండా పట్టుకునే ప్రోటీన్‌ను అక్కడి శాస్త్రవేత్తలు 1963లో వేరుచేశారు. దాన్ని గాలంగా వేసి 1970 ప్రాంతంలో అసలు గ్రాహకాన్నే బయటికి లాగారు. అంతవరకూ గ్రాహకం అనేది ఊహే.

మెదడులో, వెన్నుపాములో లెక్క ఇంత సూటిగా ఉండదు. కండరానికి వచ్చే కబురు ఒక్కటే: ముడుచుకో. నాడీకణానికి మాత్రం కదులు అనే కబుర్లూ, ఆగు అనే కబుర్లూ వేలల్లో ఒకేసారి వస్తుంటాయి. కదులు అని చెప్పే ముఖ్య ప్రసారకం గ్లుటమేట్. అజినొమోటోలో ఉండేది ఈ అణువే, అయితే తిన్న గ్లుటమేట్‌ను రక్తంలోంచి మెదడులోకి సులువుగా రానివ్వని అడ్డుగోడ ఉంది. ఆగు అని చెప్పేవి మెదడులో ప్రధానంగా గాబా, వెన్నుపాములో గ్లైసిన్. గ్లుటమేట్ గ్రాహకం తెరుచుకుంటే ధనావేశం లోపలికి వస్తుంది. గాబా గ్రాహకం తెరుచుకుంటే క్లోరైడ్ వచ్చి రుణావేశాన్ని నిలబెడుతుంది. కణం ఈ కూడికలూ తీసివేతలూ చేసి, మొత్తం ఒక గీత దాటితేనే తన సంకేతం పంపుతుంది. ఒకప్పుడు నిప్పురవ్వల పక్షానికి పెద్దదిక్కైన జాన్ ఎకిల్స్ 1951లో న్యూజిలాండ్‌లోని డనీడన్‌లో పిల్లి వెన్నుపాము కణంలో ఈ తీసివేతనే కొలిచాడు. కణం లోపల రుణావేశం పెరగడం చూసి, విద్యుత్ దూకుడుతో దీన్ని చెప్పలేమని తన ఓటమి తానే ఒప్పుకున్నాడు. అలా ఒప్పుకునేవారు తక్కువ.

ఆగు అనే కబురు లేకపోతే ఏమవుతుందో ధనుర్వాతం చూపిస్తుంది. ఆ క్రిమి విషం వెన్నుపాములోకి చేరి, గ్లైసిన్, గాబా వదిలే నాడి కొసల్లో తిత్తుల తాడును తెంచేస్తుంది. ఇక కండరాలను ఆపేవారుండరు. దవడ బిగుసుకుపోతుంది, వీపు విల్లులా వంగుతుంది. విషముష్టి గింజల్లోని స్ట్రిక్నిన్ గ్లైసిన్ గ్రాహకాన్ని మూసి దాదాపు ఇదే పని చేస్తుంది. మద్యం, డయజిపామ్ వంటి నిద్రమాత్రలు దీనికి వ్యతిరేకం, గాబా కబురుకు బలం పెంచుతాయి. తెలంగాణలో కల్లులో డయజిపామ్, అల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కేసులు పలుమార్లు బయటపడ్డాయి. రోజూ అది తాగేవారి మెదడు ఆ అదనపు గాబా బలానికి సర్దుకుని తన గ్రాహకాలను మందగింపజేసుకుంటుంది. ఒక్కసారిగా కల్లు దొరక్కపోతే బ్రేకులు లేని బండి అవుతుంది. చేతులు వణుకుతాయి, మూర్ఛలొస్తాయి, లేనివి కనిపిస్తాయి. కల్తీ కల్లు మానినప్పుడు కూడా ఆస్పత్రికి పరుగెత్తేది ఇందుకే.

డోపమైన్, సెరటోనిన్, నారడ్రినలిన్ మరో తరహావి. వీటి గ్రాహకాలు చాలావరకు తామే ద్వారాలు కావు, కణం లోపల రసాయన చర్యల వరస ఒకటి మొదలుపెడతాయి. ఫలితం మిల్లీసెకన్లలో కాకుండా సెకన్లలో, నిమిషాల్లో కనిపిస్తుంది. వీటిని చెరిపే పద్ధతీ వేరే. విడిచిన నాడే చాలావరకు మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది. నారడ్రినలిన్‌లో దీన్ని మొదట చూపిన జూలియస్ యాక్సెల్‌రాడ్ కాట్జ్‌తో పాటే నోబెల్ పంచుకున్నాడు. దిగులుకు ఇచ్చే ఫ్లూయాక్సెటిన్ వంటి మాత్రలు సెరటోనిన్ పీల్పును అడ్డుకుంటాయి. అడ్డు గంటల్లోనే పడుతుంది, మనసు తేలికపడటానికి మాత్రం వారాలు పడుతుంది. కాబట్టి సెరటోనిన్ తగ్గడమే దిగులన్న మాట సగం కూడా చెప్పనట్టే.

డోపమైన్ కథలో ఇక్కడి మొక్కలు రెండున్నాయి. సర్పగంధి వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ప్రకటించాక ప్రపంచం దాని మీద పడింది. 1952లో దాని సారం రిసర్పిన్ విడిగా దొరికింది. రిసర్పిన్ చేసేదేమిటంటే, ప్రసారకాలను తిత్తుల్లోకి ఎక్కకుండా ఆపుతుంది. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చాడు. చెవులు వాల్చి కదలకుండా పడిపోయాయి. ఎల్-డోపా అనే పదార్థం సూదితో ఇస్తే పావుగంటలో లేచి తిరిగాయి. మెదడు ఎల్-డోపాను డోపమైన్‌గా మార్చుకుంటుంది. డోపమైన్ నేరుగా ఇస్తే రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న ఆ అడ్డుగోడ దాటలేదు. 1960లో వియన్నాలో పార్కిన్సన్స్ రోగుల మెదళ్ళలో డోపమైన్ బాగా తక్కువని తేలింది. ఇప్పటికీ ఆ వణుకుడు జబ్బుకు ముఖ్యమైన మందు ఎల్-డోపాయే. ఆ ఎల్-డోపాను దూలగొండి గింజల్లోంచి 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేశారు. తాకితే ఒళ్ళంతా దురదపెట్టే ఆ కాయలో అంత సరుకుందని ఎందుకు వెదికారో గానీ, అది ఏ జబ్బుకు పనికొస్తుందో అప్పటికి లోకంలో ఎవరికీ తెలియదు.

అన్ని కూడళ్ళూ రసాయనంతోనే నడవవు. కొన్నిచోట్ల రెండు కణాల మధ్య సన్నని గొట్టాలుండి విద్యుత్తే నేరుగా ప్రవహిస్తుంది. నిప్పురవ్వల పక్షం పూర్తిగా ఓడిపోలేదన్నమాట. నైట్రిక్ ఆక్సైడ్ అయితే వాయువు. తిత్తీ అక్కర్లేదు, పైపొర మీద గ్రాహకమూ అక్కర్లేదు, పొరల్లోంచి ఇంకిపోతుంది.

ఇంత నడపడానికి శక్తి ఏటీపీ అణువు నుంచి వస్తుంది. తిత్తుల్లోకి సరుకు ఎక్కించాలన్నా, లోపలికొచ్చిన సోడియాన్ని బయటికి తోడాలన్నా అదే ఖర్చు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కే అమెరికాలో 1929లో కండరంలో కనుగొన్న అణువుల్లో ఇదొకటి. ఏటీపీ ఇంధనమే కాదు, తిత్తుల్లోంచి వచ్చే ప్రసారకం కూడానని జెఫ్రీ బర్న్‌స్టాక్ 1972లో అంటే చాలామంది నమ్మలేదు. 1990లలో దాని గ్రాహకాలు చేతికి చిక్కాక ఒప్పుకోక తప్పలేదు. ఏటీపీ విరిగితే చివరకు అడెనోసిన్ మిగులుతుంది. మెలకువగా ఉన్న కొద్దీ మెదడులో అది పేరుకుంటుంది, తన గ్రాహకాలకు అతుక్కుని నాడి కొసలను నెమ్మదింపజేస్తుంది, నిద్ర ముంచుకొస్తుంది. కాఫీలోని కెఫీన్ ఆ గ్రాహకాల మీద కూర్చుని వాటిని తెరవదు, అడెనోసిన్‌ను కూర్చోనివ్వదు. అడెనోసిన్ ఎక్కడికీ పోదు, పేరుకుంటూనే ఉంటుంది. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి మామూలుగా అయిదు గంటలు పడుతుంది కాబట్టి, సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీన్‌లో సగం రాత్రి పదకొండింటికి కూడా ఒంట్లో కుర్చీ వేసుకునే ఉంటుంది.